నందికొండకు ఏ కెమెరా తీసుకుపోవాలి?

వానకాలంలో ఎగువ నుంచి కృష్ణానదికి వరద నిండుగా దిగితే నాగార్జునసాగర్ ఆనకట్ట గేట్లు ఎత్తుతారు. ఆ వార్త తెలిసిందో లేదో, నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, హైదరాబాదు నుంచి జనం నందికొండకు బయలుదేరుతారు. మొత్తం 26 గేట్లు. వాటి కింది నుంచి నురగలు కక్కుతూ దూకే నీళ్ళు. ఒక వైపు లాంచీ ఎక్కి పోతే నాగార్జునకొండ. ఇంకొక వైపు బస్సెక్కి పోతే ఎత్తిపోతల జలపాతం. ఇన్ని వింతలు ఒక్కచోట ఉన్నాయని తెలిసిన పిల్లలు ఏమంటారు? "నాయినా, నాకొక కెమెరా కొనిపెట్టవా?" అంటారు.

తండ్రి దుకాణానికి పోతాడు. అక్కడ యాభై రకాల కెమెరాలుంటాయి. ఒక పెట్టె మీద 24 అని ఉంటుంది. ఇంకొక పెట్టె మీద 48 అని ఉంటుంది. మూడోదాని మీద "60 రెట్లు జూమ్" అని ఉంటుంది. ఎక్కువ అంకె ఉన్నదే మంచిదనుకొని, చేతిలో ఉన్న డబ్బంతా పోసి దానినే కొని తెస్తాడు. తీరా ప్రయాణంలో అది పిల్లలకు కావలసిన బొమ్మ తీయదు. డబ్బు పోయింది, ముచ్చటా తీరలేదు!

ఇట్లా జరగకుండా ఉండాలంటే ఏం చేయాలి? పరీక్షకు ముందే ప్రశ్నపత్రం తెలిస్తే ఎంత బాగుండును అని మీరు ఎన్నోసార్లు అనుకొని ఉంటారు. పరీక్షలో అది కుదరదు గాని, ప్రయాణంలో కుదురుతుంది. మనం ఏమేమి చూడబోతున్నామో ముందే తెలుసు కదా! ఆ చూడబోయేవే ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పగలిగిన కెమెరాయే మనకు తగిన కెమెరా. కనుక ముందు నందికొండను గురించి తెలుసుకుందాం. ఆ తరువాత దుకాణానికి పోదాం.

నీళ్ళ కింద ఒక పట్టణం

ఇక్కడ కృష్ణకు ఆనకట్ట కట్టాలని తలపెట్టినప్పుడు ఆ పథకాన్ని నందికొండ ప్రాజెక్టు అనే పిలిచేవారు. 1955 డిసెంబరు 10న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. రాతితో కట్టిన భాగం ఎత్తు సుమారు 124 మీటర్లు, పొడవు సుమారు 1,450 మీటర్లు. ఆనకట్ట పని కోసం వెలసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఇప్పుడు నల్లగొండ జిల్లాలో నందికొండ పురపాలక సంఘం కింద ఉన్నాయి.

ఆనకట్ట వెనుక, ఇప్పుడు నీళ్ళు నిలిచిన చోట, ఒకప్పుడు కొండల నడుమ పెద్ద లోయ ఉండేది. క్రీస్తు తరువాత మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులు అక్కడ విజయపురి అనే రాజధాని నుంచి పరిపాలించారు. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు, జనం కూర్చుని వినోదాలు చూసే మెట్ల రంగస్థలం, అన్నీ ఆ లోయలో ఉండేవి. కాలం గడిచి అవన్నీ మట్టి కింద పడిపోయాయి. 1926లో రంగస్వామి సరస్వతి అనే శాసన పరిశోధకుడు అక్కడి రాతి స్తంభాలను చూసి, ఆ స్థలం గొప్పతనం బయటపెట్టాడు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ అనే అధికారి తవ్వకాలు జరిపాడు. ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుందని తెలిసిన తరువాత, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను ఏ రాయికారాయి విప్పి, కొండ మీద, అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. ఆ కొండ ఇప్పుడు నీళ్ళ నడుమ ద్వీపం. మిగిలిన లోయంతా నీళ్ళ కింద ఉన్నది.

ఇప్పుడొక్కసారి ఆలోచించండి. ఆ లోయను మళ్ళీ ఎవరైనా ఫోటో తీయగలరా? తీయలేరు. మునగక ముందు తీసిన ఫోటోలు, గీసిన పటాలు, రాసుకున్న కొలతలు, ఇవే మనకు మిగిలాయి.

మునిగినవి పాత స్తూపాలు మాత్రమే కాదు. జనం కాపురమున్న ఊళ్ళు కూడా మునిగాయి. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు అటువంటిదే. ఆ ఇంటి అరుగు, చేదబావి, వాకిట్లో వేపచెట్టు గురించి మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. కాని ఆ ఇంటి ఫోటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆ రోజుల్లో ఆ పల్లెల్లో కెమెరా ఎవరి దగ్గర ఉన్నది గనక? ఈనాడు మీ ఇంట్లో ఉన్న ఫోనుతోనైనా అటువంటి ఫోటో తీయవచ్చు. కాబట్టి ఫోటో తీయడమంటే ఆట మాత్రమే అనుకోకండి.

కెమెరా లోపల ఏమున్నది?

వాన కురిసేటప్పుడు వాకిట్లో వరుసగా గిన్నెలు పెట్టామనుకోండి. ఏ గిన్నెలో ఎన్ని నీళ్ళు పడ్డాయో కొలిస్తే, వాకిట్లో ఎక్కడ ఎంత వాన పడిందో చెప్పవచ్చు. డిజిటల్ కెమెరాలో ఉన్నదీ ఇదే ఉపాయం. కటకం, అంటే లెన్సు, వెలుతురును లోపలికి పంపుతుంది. లోపల ఒక చిన్న పలక ఉంటుంది. దాన్ని సెన్సారు అంటారు. దాని నిండా లక్షల కొద్దీ సన్నని గదులుంటాయి. ఒక్కొక్క గది ఒక్కొక్క గిన్నె అన్నమాట. ఏ గదిలో ఎంత వెలుతురు పడిందో కొలిచి, కెమెరా అంకెలుగా రాసుకుంటుంది. ఆ అంకెలను మళ్ళీ చుక్కలుగా పేరిస్తే బొమ్మ అవుతుంది. ఆ చుక్కనే పిక్సెల్ అంటారు. పది లక్షల చుక్కలు ఒక మెగాపిక్సెల్.

మరి రంగులు ఎట్లా తెలుస్తాయి? గదుల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సన్నని మూతలుంటాయి. ఎర్రమూత ఉన్న గది ఎర్రని వెలుతురునే లోపలికి రానిస్తుంది. సామాన్యంగా ప్రతి నాలుగు గదులలో రెండింటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం మూతలు ఉంటాయి. చుట్టుపక్కల గదుల లెక్కలు చూసి కెమెరా అసలు రంగును కట్టుకుంటుంది.

వెలుతురును ఇట్లా విద్యుత్తుగా కొలిచే సాధనాలలో ముఖ్యమైన దానిని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. దానికి 2009లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది. 1975లో కోడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. దాని బరువు సుమారు మూడున్నర కిలోలు. అందులో ఉన్న చుక్కలు అడ్డం వంద, నిలువు వంద, అంటే మొత్తం పదివేలు. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీద ఎక్కించడానికి 23 సెకండ్లు పట్టేది! ఈనాడు మీ నాన్న జేబులో ఉన్న ఫోను దానికన్నా వేలరెట్లు ఎక్కువ చుక్కలు రెప్పపాటులో రాస్తుంది.

పెద్ద అంకెల మాయ

"అయితే ఎక్కువ చుక్కలున్న కెమెరాయే మంచిది కదా?" అని మీరు అడుగుతారు. పలక, బలపం తీసుకోండి. ఒక లెక్క చేద్దాం.

ఆల్బంలో అంటించుకునే ఫోటో 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కలు ఉంటే బొమ్మ కంటికి నున్నగా కనిపిస్తుంది. ఆరు మూడువందలు 1,800. నాలుగు మూడువందలు 1,200. ఈ రెండూ గుణిస్తే 21 లక్షల 60 వేలు. అంటే రెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు చాలు! గోడకు తగిలించే ఏ-4 కాగితమంత ఫోటోకైనా సుమారు 9 మెగాపిక్సెళ్ళు సరిపోతాయి. 12 ఉన్న కెమెరాకూ 48 ఉన్న కెమెరాకూ మీ ఆల్బంలో తేడా కనిపించదు.

ఇంకొక సంగతి. 12ను 48 చేస్తే చుక్కలు నాలుగు రెట్లయినాయి గాని, బొమ్మ పొడవు రెండింతలే అవుతుంది. ఎందుకో చతురస్రం వైశాల్యం లెక్క నేర్చుకున్నవాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

మరి చూడవలసిన అంకె ఏది? గిన్నెల సంఖ్య కాదు, వాకిలి వైశాల్యం. అదే వాకిట్లో ఎక్కువ గిన్నెలు ఇరికించాలంటే గిన్నెలు చిన్నవి కావాలి. వాకిలి పెద్దదైతే పడే వాన మొత్తం ఎక్కువ. సెన్సారు పెద్దదైతే దానికి అందే వెలుతురు ఎక్కువ. మసక వెలుతురులో కూడా బొమ్మ ఇసుక చల్లినట్టు గరుకుగా రాకుండా నున్నగా వస్తుంది. చవక చిన్న కెమెరాలలో సెన్సారు వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. లెన్సులు మార్చుకునే కెమెరాలు చాలావాటిలో అది సుమారు 366. పెద్ద కెమెరాలలో 864. చూశారా, ఎంత తేడానో! ఈ కొలత పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయరు. మనమే అడిగి తెలుసుకోవాలి.

నాలుగు ప్రశ్నలు

ఇక నందికొండ మనకిచ్చిన ప్రశ్నపత్రం చూద్దాం.

మొదటి ప్రశ్న: ఆనకట్ట అంతా ఒకే ఫోటోలో రావాలంటే ఎట్లా? దీనికి లెన్సు పక్కన రాసి ఉండే మిల్లీమీటర్ల లెక్క తెలియాలి. రకరకాల కెమెరాలను పోల్చడానికి పూర్వపు ఫిల్ము కెమెరాను కొలబద్దగా పెట్టుకుంటారు. అందులో బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. సూత్రం చాలా తేలిక: 36ను లెన్సు అంకెతో భాగించి, దూరంతో గుణించండి. ఫోటోలో పట్టే వెడల్పు వస్తుంది. 24 అంకెగల లెన్సుతో కిలోమీటరు దూరం నుంచి ఎదురుగా చూస్తే 1,500 మీటర్లు పడుతుంది. మన ఆనకట్ట రాతికట్టడం 1,450 మీటర్లే కదా! సరిగ్గా పట్టింది. ఈనాటి ఫోనులు చాలావాటిలో ఉండే లెన్సు దాదాపు ఇటువంటిదే. మొదటి ప్రశ్నకు ఇంట్లో ఉన్న ఫోను చాలు.

రెండో ప్రశ్న: నీటి మధ్య మోడు మీద కూర్చున్న నీటికాకిని ఎట్లా తీయాలి? అది మనకు 30 మీటర్ల దూరాన ఉన్నదనుకోండి. దాని పొడవు అర మీటరు. 24 అంకె లెన్సుతో తీస్తే ఫోటోలో 45 మీటర్ల వెడల్పు పడుతుంది. పిట్ట అందులో 90వ వంతు! చీమంత కూడా కనిపించదు. అదే 600 అంకె వరకు పోయే లెన్సు అయితే 1.8 మీటర్ల వెడల్పు మాత్రమే పడుతుంది. పిట్ట ఫోటోలో పావు వంతుకు మించి ఉంటుంది.

"ఫోనులో వేళ్ళతో సాగదీస్తే పిట్ట పెద్దదవుతుంది కదా?" అంటారేమో. అది సాగదీయడమే గాని దగ్గరికి తీసుకోవడం కాదు. బొమ్మలో ఒక ముక్క కత్తిరించి పెద్దది చేసి చూపడమన్నమాట. 12 మెగాపిక్సెళ్ళ బొమ్మను ఇట్లా నాలుగు రెట్లు సాగదీస్తే మిగిలేది పదహారో వంతు, అంటే మెగాపిక్సెల్‌లో ముప్పాతిక. దీన్ని డిజిటల్ జూమ్ అంటారు. లెన్సు కటకాలు కదిలి నిజంగా దగ్గర చేసేదాన్ని ఆప్టికల్ జూమ్ అంటారు. దుకాణంలో "ఎన్ని రెట్లు?" అని కాదు, "ఆప్టికల్ జూమ్ ఎన్ని రెట్లు?" అని అడగండి.

మూడో ప్రశ్న: ఎత్తిపోతల నీళ్ళను ఎట్లా తీయాలి? చంద్రవంక నది అక్కడ సుమారు 21 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. గాలి అడ్డును వదిలేసి లెక్క కడితే, కిందికి వచ్చేసరికి నీటిబొట్టు వేగం సెకండుకు సుమారు 20 మీటర్లు. కెమెరా కన్ను సెకండులో వెయ్యో వంతు తెరిస్తే, ఆ కాస్తలో బొట్టు 2 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. నీళ్ళు ముత్యాలు చల్లినట్టు విడివిడిగా పడతాయి. సెకండులో పదో వంతు తెరిస్తే బొట్టు 2 మీటర్లు జారుతుంది. జలపాతం తెల్లని పట్టుగుడ్డ ఆరవేసినట్టు వస్తుంది. రెండూ అందమే. మీకు నచ్చినట్టు తీయాలంటే కన్ను తెరిచే కాలం మీ చేతిలో ఉండాలి. దాన్నే షట్టరు వేగం అంటారు. దాన్ని మార్చుకునే వీలు ఉన్నదా అని చూడండి. కొన్ని ఫోనుల్లో కూడా ఈ వీలు ఉన్నది. పదో వంతు సెకండు తెరిచినప్పుడు చెయ్యి కదిలితే బొమ్మంతా చెదురుతుంది. కెమెరాను మూడుకాళ్ళ పీట మీదనో, పిట్టగోడ మీదనో ఆనించి తీయాలి.

నాలుగో ప్రశ్న: కొండ మీద మ్యూజియం లోపల, మసక వెలుతురులో, శిల్పాలను ఎట్లా తీయాలి? అక్కడ ఫోటో తీయవచ్చునా అని ముందు అడగాలి. తీయవచ్చునంటే కూడా ఫ్లాషు వెలిగించకూడదు. ఉన్న వెలుతురుతోనే తీయాలి. దీనికి పెద్ద సెన్సారు కావాలి, లేదా లెన్సు కన్ను పెద్దది కావాలి. ఆ కన్ను కొలత లెన్సు మీద ఎఫ్ అనే అక్షరం పక్కన ఉంటుంది. ఇక్కడొక తమాషా: అంకె చిన్నదైతే కన్ను పెద్దది! ఎఫ్ 4 కన్నా ఎఫ్ 2 నాలుగింతల వెలుతురును లోపలికి రానిస్తుంది.

ఎవరికి ఏది తగును?

కెమెరాలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది ఇంట్లో ఉన్న ఫోను. ఒక్క మీట నొక్కితే అది గబగబా ఎన్నో బొమ్మలు తీసి, వాటిని కలిపి ఒక మంచి బొమ్మ చేస్తుంది. మనుషులను, ఆనకట్టను, సాయంకాలపు ఆకాశాన్ని బాగా తీస్తుంది. దూరపు పిట్టకు పనికిరాదు.

రెండోది పొడుగు జూమ్ ఉండి, లెన్సు మార్చనవసరం లేని కెమెరా. పగటి వెలుతురులో దూరపు వస్తువులకు దీన్ని మించినది ఈ ధరలో లేదు. కాని వీటిలో చాలావాటి సెన్సారు చిన్నది. మసక చీకటిలో తడబడుతుంది.

మూడోది లెన్సులు మార్చుకునే కెమెరా. ఇందులో లోపల అద్దం ఉన్నవి పాతరకం. ఇప్పుడు కొత్తగా వస్తున్నవి ఎక్కువగా అద్దం లేనివి. బొమ్మ మేలు, నేర్చుకోవడానికి వీలు, రెండూ ఎక్కువే. ఖర్చూ బరువూ కూడా ఎక్కువే. ఒక లెన్సుతో తృప్తి కలగదు. ఇంకొకటి కావాలనిపిస్తుంది.

మా వీధిలో ఒక రైతు ఉన్నాడు. పత్తి అమ్మిన డబ్బు చేతికి రాగానే, తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు.

"నమస్తే సార్! పిల్ల కెమెరా కావాలంటున్నది. ఎట్లాగూ కొంటున్నం గదా అని లెన్సు మార్చే పెద్దదే చూసిన. మంచిదేనా?"

"కెమెరా మంచిదే. నువ్వేం ఫోటోలు తీస్తవు బిడ్డా?" అని అడిగాను.

"నీళ్ళల్ల ఉండే పిట్టలు, సార్. లాంచీల పోయేటప్పుడు తీస్తా."

ఆ కెమెరాతో వచ్చే లెన్సు అంకె, ఫిల్ము లెక్కలో, 82కు మించదు. పలక మీద లెక్క వేయమన్నాను. 36ను 82తో భాగించి 30తో గుణిస్తే సుమారు 13 మీటర్లు. నీటికాకి ఫోటోలో 26వ వంతు! పిల్ల ముఖం చిన్నబోయింది. "మరి దగ్గరికి తీసేది కావాలంటే, సార్?" అన్నది. దానికి ఇంకొక లెన్సు కొనాలి. దాని ధర వినేసరికి తండ్రి కాసేపు మాట్లాడలేదు. "పిల్ల అడిగింది గద సార్, కాదనలేను. అట్లని ఎరువుల దుకాణం బాకీ ఆపలేను" అన్నాడు.

చివరకు వాళ్ళు రెండో రకం కెమెరా ఒకటి, వాడినది, మొదట అనుకున్న డబ్బులో సగం కన్నా తక్కువకే కొన్నారు. మ్యూజియం బొమ్మలకు తండ్రి ఫోను ఉండనే ఉన్నది. అదే పిల్ల "నాకు శిల్పాలంటే ఇష్టం" అని ఉంటే నేను మొదటి కెమెరానే కొనుక్కోమని చెప్పేవాణ్ణి. ఎవరి ప్రశ్నకు తగిన జవాబు వారిది.

పెద్దలకు రెండు మాటలు

కెమెరా ధర ఒక్కటే చూసుకొని దుకాణానికి పోకండి. మీ దగ్గర పది రూపాయలుంటే రెండు రూపాయలు పక్కన పెట్టండి. అవి మెమరీ కార్డుకూ, రెండో బ్యాటరీకీ, సంచికీ కావాలి. 24 మెగాపిక్సెళ్ళ ఫోటోలైనా 32 జీబీ కార్డులో సుమారు మూడువేలు పడతాయి. ఇంకా పెద్ద కార్డు అక్కరలేదు.

వాడిన కెమెరా కొనడం తప్పు కాదు. కాని పరీక్షించి కొనండి. లెన్సులోకి టార్చిలైటు వేసి చూస్తే సాలెగూడు వంటి పోగులు కనిపిస్తే బూజు పట్టిందన్నమాట. దాన్ని వదిలేయండి. బ్యాటరీ ఉబ్బి ఉండకూడదు. జూమ్ ముందుకూ వెనుకకూ చప్పుడు చేయకుండా కదలాలి. తెల్లగోడను ఫోటో తీసి, మచ్చలున్నాయేమో చూడండి. మీ కార్డు వేసి పది ఫోటోలు తీసి, ఇంకొకచోట తెరిచి చూసుకోండి. రసీదు తీసుకోవడం మరవకండి.

చవకగా దొరికే కొన్ని కొత్త కెమెరాల మీద 48, 64 అని పెద్ద అంకెలుంటాయి. లోపలి సెన్సారు మాత్రం గోరంత. లేని చుక్కలను అది ఊహించి పూరిస్తుంది. పిల్లల కెమెరా కదా అని అటువంటివి కొంటే, మీ ఫోను తీసే బొమ్మ కూడా అది తీయదు. అంతకన్నా బంధువుల దగ్గర మంచి కెమెరా పది రోజులకు అడిగి తెచ్చుకోవడం మేలు.

బయలుదేరే ముందు

కెమెరా కొన్న మర్నాడే ప్రయాణం పెట్టుకోవద్దు. కనీసం రెండు వారాల ముందు అది మీ చేతిలో ఉండాలి. హైదరాబాదు ఆరో నిజాం కొలువులో పేరు తెచ్చుకున్న రాజా దీనదయాళ్ మొదట ఫోటోగ్రాఫరు కాదు. రూర్కీలో ఇంజనీరింగు చదువు నేర్చుకొని, ఇండోర్‌లో పటాలు గీసే ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో కెమెరా సాధన చేశాడు. ఆ కాలంలో ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క గాజుపలక కావాలి. పాడైతే పలక పాడైనట్టే. మీకా బాధ లేదు. వంద తీసి వందా చెరిపినా పైసా ఖర్చు కాదు. మరి సాధన చేయడానికేం?

ఇంట్లో ఈ మూడు పరీక్షలు పెట్టుకోండి. ఒకటి: సాయంత్రం వసారాలో కూర్చున్న నాయనమ్మను ఫ్లాషు లేకుండా, ముఖం స్పష్టంగా కనిపించేట్టు తీయండి. రెండు: గింజలు చల్లి, పరుగెత్తివచ్చే కోడిని చెదరకుండా తీయండి. మూడు: వీధి చివరనున్న దుకాణం బోర్డు అక్షరాలు చదవగలిగేట్టు తీయండి. ఈ మూడూ వచ్చాయంటే నందికొండలో మీకు కష్టముండదు.

ప్రయాణంలో కొన్ని జాగ్రత్తలు. ఎండలో ఆపిన కారులో కెమెరాను వదలకండి. జలపాతం తుంపర పడకుండా ప్లాస్టిక్ సంచి కప్పండి. లాంచీలో కెమెరా పట్టీ మెడలో వేసుకోండి. అంతకన్నా ముందు మునగకుండా కాపాడే జాకెట్టు తొడుక్కోండి. ఆనకట్ట దగ్గర భద్రత కోసం కొన్నిచోట్ల ఫోటోలు తీయనివ్వరు. కాపలావాళ్ళను అడిగి తీయండి. మంచి ఫోటో కోసం గేట్ల కింది బండల మీదికీ, ఎత్తిపోతల అంచుకూ పోవద్దు. నీళ్ళకూ మీకూ నడుమ కంచె ఉంటే, ఆ కంచెకు ఇవతలి నుంచి ఏది వస్తే అదే మీ ఫోటో.

చివరగా ఒక్క పని. పురావస్తు తవ్వకాల్లో ఫోటో తీసేటప్పుడు వస్తువు పక్కన కొలబద్ద పెట్టడం, తేదీ, స్థలం రాసుకోవడం ఆనవాయితీ. అప్పుడే ఆ ఫోటో చూసినవాళ్ళకు అది ఎంత పెద్దదో, ఎక్కడిదో తెలుస్తుంది. మీరు కూడా ఒక చిన్న నోటుపుస్తకం వెంట తీసుకుపోండి. ప్రతి మంచి ఫోటోకూ నాలుగు సంగతులు రాయండి: తేదీ, చోటు, అందులో ఉన్నది ఎవరు లేక ఏమిటి, ఎటు తిరిగి తీశారు. ఇంటికి రాగానే ఫోటోలను రెండుచోట్ల దాచండి.

ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉన్నదా? అయితే ఈ రోజే మొదలుపెట్టండి. మీ ఇంటిని బయట నుంచి ఒక ఫోటో, వాకిట్లో నుంచి ఒక ఫోటో తీయండి. గుమ్మం దగ్గర అమ్మనో తాతనో నిలబెట్టండి. గుమ్మం ఎంత ఎత్తో అప్పుడు తెలుస్తుంది. వెనుక తేదీ రాసి పెట్టెలో దాచండి.